తుప్పు తక్కువ నేలకు ఏ ఇటలీ బండి?

పాత ఇటలీ బండ్లను ప్రేమించేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదం ఒకటుంది. రెండు కంపెనీలు, రెండు వేరువేరు బుర్రలు, రెండు అందమైన యంత్రాలు. చేతిలో డబ్బు మాత్రం ఒక్కదానికే సరిపోతుంది. యూరప్‌లో ఈ వాదం ఆల్ఫా రోమియో, లాన్సియా లాంటి స్పోర్ట్స్ కార్ల చుట్టూ తిరుగుతుంది. కుందుర్పి లాంటి ఊళ్లకు ఆ కార్లు రాలేదు. కర్ణాటక సరిహద్దు దగ్గర, దుర్గం కొండ నీడలో, శెనక్కాయ చేల మధ్య ఉన్న ఈ మండలానికి ఇటలీ వచ్చింది రెండు చక్రాల మీద. ఒకటి వెస్పా, ఇంకొకటి లాంబ్రెట్టా. బజాజ్ 150, చేతక్, ప్రియ అన్నా మొదటి వంశమే. లాంబీ, విజయ్ సూపర్, ఆల్విన్ పుష్పక్ అన్నా రెండో వంశమే. కల్యాణదుర్గం, శెట్టూరు, కుందుర్పి వైపు ఏ పాత ఇంటి వసారాలోనో బూజు పట్టి నిలబడ్డ ఇలాంటి బండిని కొని బాగుచేయించుకుని నడపాలనుకునేవాళ్ల ముందు నిలిచే ప్రశ్న ఇదే: రెండింటిలో ఏది? దీని మీద ప్రచారంలో ఉన్న సలహాలు చాలావరకు ఇంగ్లండు, జర్మనీ, ఉత్తర ఇటలీ లాంటి తడి దేశాల్లో పుట్టినవి. అక్కడ పాత స్కూటర్‌కు మొదటి శత్రువు తుప్పు. ఆ భయంతో తయారైన తూకాన్ని ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం మెట్టకు ఉన్నదున్నట్టు తెస్తే తప్పు బరువు చూపిస్తుంది. ఇక్కడి ఎండ, దుమ్ము, ముళ్లు, మెకానిక్కుల చేతులు అన్నీ కలిపి తూస్తే, రోజూ తిరగడానికి బండి కావలసినవాళ్లు వెస్పా వంశాన్నే ఎంచుకోవాలన్నది నా వాదన.

రెండూ యుద్ధంలో కూలిన ఇటలీలోనే పుట్టినా వాటి తండ్రులు వేరు. పియాజియో విమానాల కంపెనీ. పోంటెడేరాలోని దాని కర్మాగారం బాంబుదాడుల్లో ధ్వంసమైంది. జనానికి చౌకలో ఒక బండి కావాలని ఎన్రికో పియాజియో అడిగింది కొర్రాడినో దస్కానియో అనే ఇంజనీరును. ఆయన హెలికాప్టర్ల మనిషి, మోటారు సైకిలంటే గిట్టదు. చైను నూనె బట్టలకు అంటుతుందనీ, పంక్చరైతే చక్రం ఊడదీయడం పెద్ద తలనొప్పి అనీ ఆయన ఫిర్యాదు. అందుకని విమానానికి చేసినట్టే రేకును ఒత్తి మలిచి, ఆ రేకునే బండికి ఎముకల గూడు చేశాడు. వెస్పాలో చాసిస్ అని వేరే లేదు, కంటికి కనిపించే ఒళ్లే చాసిస్. ఇంజన్‌ను వెనక చక్రానికి ఆనించి పక్కన పెట్టాడు, చైను అవసరమే లేకుండా పోయింది. ముందు చక్రాన్ని విమానం చక్రం లాగా ఒక్కవైపు కాడకే తగిలించాడు. 1946 ఏప్రిల్ 23న దానికి పేటెంట్ దరఖాస్తు పడింది. మరుసటి ఏడాది మిలన్ నగరంలోని లాంబ్రాటే నుంచి లాంబ్రెట్టా బయటికొచ్చింది. దాని యజమాని ఫెర్డినాండో ఇన్నొచెంటి ఉక్కు గొట్టాల వ్యాపారి, మేస్త్రీలు కట్టే పరంజాకు వాడే గొట్టాలతో పైకొచ్చినవాడు. ఆయన బండికి వెన్నెముక లావుపాటి ఉక్కు గొట్టం. మనకు తెలిసిన ఎల్ఐ వరసలో ఇంజన్ ఆ గొట్టం కింద నడిమధ్యన కూర్చుంటుంది, మూసిన పెట్టెలో నూనెలో తడుస్తూ చైను తిరుగుతుంది, రేకులన్నీ పైనుంచి బోల్టులతో బిగించినవి. ఒకరు విమానం నుంచి, ఒకరు పరంజా నుంచి ఆలోచించారు. కొనేవాడు తూచవలసిన లాభనష్టాల్లో సగం ఈ ఒక్క తేడాలోంచే వస్తాయి.

మన దేశంలో ఈ రెండు వంశాల దారులు కూడా వేరుగానే నడిచాయి. 1950లలోనే బొంబాయిలో ఆటోమొబైల్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఇండియా లాంబ్రెట్టాలు తయారు చేసింది. పియాజియో లైసెన్సుతో బజాజ్ 1960ల మొదట్లో వెస్పాలు చేసింది. 1971లో ఆ ఒప్పందం ముగిశాక, 1972లో వెస్పా స్ప్రింట్ నమూనా మీద, రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ తెచ్చింది. ఇటలీలో ఇన్నొచెంటి లాంబ్రెట్టాను ఆపేసినప్పుడు భారత ప్రభుత్వం ఆ యంత్రాలనూ హక్కులనూ కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టింది. విజయ్ సూపర్ దేశానికి, లాంబ్రెట్టా జీపీ ఎగుమతికి. ఆ సంస్థ 1997లో స్కూటర్లు మానేసింది, 2021లో కేంద్రం మూసివేతకు ఆమోదం తెలిపింది. హైదరాబాద్ కథ ఇంకా విచిత్రం. ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ మొదట లాంబ్రెట్టా రక్తంతో ఆల్విన్ పుష్పక్‌ను చేసింది, 1980లలో పియాజియోతో చేయి కలిపి వెస్పా పీఎల్ 170ని చేసింది. ఒకే సంస్థ రెండు వంశాలనూ పోషించిందన్నమాట. ఏళ్ల తరబడి పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తే గానీ స్కూటర్ ఇంటికి రాని కాలమది. అందుకే వచ్చినదాన్ని ఎవరూ అంత తేలిగ్గా పారేయలేదు. పల్లెల్లో ఇవాళ్టికీ ఇవి దొరుకుతున్నాయంటే కారణం అదే.

ఇప్పుడు తుప్పు సంగతి. పుస్తకాల సలహా సూటిగా ఉంటుంది: వెస్పా ఒళ్లు తుప్పు పడితే చాసిసే పోయినట్టు, కాబట్టి జాగ్రత్త; లాంబ్రెట్టాలో రేకు పోతే విప్పి ఇంకోటి తగిలించుకోవచ్చు, గొట్టం మాత్రం గట్టిది. తడి దేశంలో ఇది నూటికి నూరుపాళ్లు నిజం. మన దగ్గర కూడా కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో నిజమే. అయితే గాలిలో తేమ 60 శాతం దాటితే గానీ ఉక్కు తుప్పు వేగం పుంజుకోదు. కుందుర్పి చుట్టుపక్కల సంక్రాంతి దాటాక ఎండలు ముదిరి, తొలకరి దాకా గాలి పొడిగానే ఉంటుంది. సముద్రం వందల కిలోమీటర్ల అవతల. ఇలాంటి చోట ముప్పై నలభై ఏళ్లు వసారాలో నిలబడ్డ చేతక్‌కు రంగు వెలిసిపోతుంది, సీటు చిరుగుతుంది, టైర్లు పగులుతాయి గానీ ఒళ్లు చెక్కుచెదరకుండా ఉండే అవకాశం ఎక్కువ. వెస్పాకు ఉన్న అతి పెద్ద లోపాన్ని కరువు తన చేత్తో తుడిచేసింది. అదే చేత్తో లాంబ్రెట్టాకు ఉన్న అతి పెద్ద సుగుణాన్ని అక్కరలేనిదిగా చేసింది.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. పశువుల పాకలో నిలబెట్టిన బండి వేరు, ఉచ్చా పేడా తడి కలిసి కింది రేకును లోపలినుంచే తినేస్తాయి. బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టకుండా వదిలేసిన బండి వేరు, ఆ ఉప్పునీళ్లు అతుకుల్లో నిలిచి పని కానిస్తాయి. కాబట్టి వాతావరణాన్ని నమ్మి కళ్లు మూసుకుని కొనమని కాదు. బండిని స్టాండు మీద నిలబెట్టి ముందుగా ఫుట్‌బోర్డు మీద రబ్బరు పట్టీలు ఎత్తి చూడాలి. పాదాలు ఆనే చోట, బ్రేకు పెడల్ వచ్చే రంధ్రం చుట్టూ, కింద ఎర్రమట్టి గట్టకట్టిన మూలల్లో స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాలి. గట్టి రేకు గణగణమంటుంది, తిన్న రేకు డబడబలాడుతుంది. ఆ మట్టిగడ్డను గోకి తీసి దాని కింద రేకు నున్నగా ఉందో గరుకుగా పొరలు లేస్తోందో వేలితో తడమాలి. తర్వాత చిన్న అయస్కాంతం ఒకటి తీసుకుని ఒళ్లంతా జరపాలి. అది పట్టు వదిలేసిన చోట లోపల రేకు లేదు, లప్పం ఉంది. ఈ పరీక్ష తళతళలాడే రెండు రంగుల బండికి మరీ ముఖ్యం. విదేశాల్లో మన లాంబ్రెట్టాలకు గిరాకీ పెరిగాక, పైపై మెరుగులు దిద్ది లోపల కుట్లు వేసి పంపిన బండ్లు ఎన్నో అక్కడి కొనుగోలుదారులను ఏడిపించాయి. ఆ పనితనం దేశంలోపల కూడా అమ్ముడవుతోంది. వెలిసిపోయిన పాత రంగుతో ఉన్నది కొత్త రంగు వేసినదాని కంటే నిజం చెబుతుంది. రెండింటి మధ్య ధర తేడా పెద్దగా లేకపోతే వెలిసినదే తెచ్చుకోవాలి.

అయితే ఎండ ఇనుమును విడిచిపెట్టినంత దయగా రబ్బరును విడిచిపెట్టదు. నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ ఇక్కడే తగులుతుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. రెండూ రెండు స్ట్రోకుల ఇంజన్లే. క్రాంకుకు రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు గట్టిపడి పగిలితే ఇంజన్ పక్కనుంచి గాలి పీలుస్తుంది, పెట్రోలు పాలు తగ్గి వేడెక్కుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. ఏళ్లు నిలబడ్డ బండిని కిక్కు కొట్టగానే స్టార్టయిందని సంతోషపడి కల్యాణదుర్గం దాకా తోలితే జరిగేది ఇదే. ఈ సీళ్లు మార్చే విషయంలో లాంబ్రెట్టాది పైచేయి. దాని ఇంజన్ కేసు ఒకే ముక్క. ఒకవైపు చైను మూత, ఇంకోవైపు మాగ్నెట్ పలక విప్పితే సీళ్లు అందుతాయి. వెస్పా వంశంలో క్లచ్ వైపు సీలు మార్చాలంటే ఇంజన్ దించి, రెండు చిప్పలుగా విడదీయాలి. ఎండ దేశంలో ఇది చిన్న లోపం కాదు. కానీ ఈ లోపానికి మందు మన చేతుల్లోనే ఉంది. బజాజ్ ఇంజన్ చిప్పలు విప్పి కట్టడం కొన్ని దశాబ్దాల పాటు తాలూకా కేంద్రాల్లో మెకానిక్కులు టీ తాగినంత మామూలుగా చేసిన పని. సీళ్లు, గాస్కెట్లు, క్లచ్ ప్లేట్లు ఇప్పటికీ దొరుకుతాయి. లాంబ్రెట్టా సీలు అందుబాటులో ఉన్నా, దాని చైను బిగువు సరిగ్గా నిలిపి, వెనక గేర్ల సందులు కొలిచి అమర్చే చేయి అరుదైపోయింది. తేలికైన పని అరుదైన చేతికి, కష్టమైన పని అందరికీ తెలిసిన చేతికి దక్కినప్పుడు పల్లెలో గెలిచేది రెండోదే.

స్పేర్లు దొరకవన్న మాట మాత్రం లాంబ్రెట్టా మీద మోపకూడదు. ఆ బండికి ప్రపంచమంతటా అభిమానులు ఉండబట్టి సామాన్లు నేటికీ తయారవుతూనే ఉన్నాయి. వాటిలో మన దేశంలో చేసినవీ కొన్ని. బెంగళూరు జె.సి. రోడ్డులోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఓపికగా తిరిగితే చాలా దొరుకుతాయి. చిక్కల్లా ఆ తిరుగుడులోనే. గేర్ వైరు తెగిన రోజున కుందుర్పి నుంచి బెంగళూరుకు పోయి రావడం తీరిక ఉన్నవాళ్ల సరదా, రోజూ బండి మీద ఆధారపడేవాళ్లకు అది వారం రోజుల నష్టం.

ఇక దారులు. ఈ మెట్ట మీద పల్లె రోడ్లకు ఇరువైపులా సర్కారు తుమ్మ. గాలికీ మేకలకూ దాని కంపలు రోడ్డెక్కుతాయి, ఆ ముల్లు టైరులో దిగితే బయటికి రావడానికి పట్టకారు కావాలి. దస్కానియో పంక్చరు గురించి పడ్డ బాధ ఈ నేలకు అచ్చంగా సరిపోతుంది. వెస్పాలో ముందు చక్రమైనా వెనక చక్రమైనా ఒక్కవైపు నట్లు తీస్తే చేతికొస్తుంది, స్టెప్నీ తగిలించుకుని పది నిమిషాల్లో కదలొచ్చు. లాంబ్రెట్టాలో ముందు చక్రం రెండు కాడల నడుమ ఉంటుంది, ఇరుసు వదులు చేసి, బ్రేకు వైరు తప్పించి మొత్తం కిందికి దించాలి. ఎండలో, నీడలేని చోట, ఒంటరిగా ఉన్నప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది. రాళ్లు లేచిన దారిలో ఇంకో తేడా కూడా బయటపడుతుంది. ఒకే ఒళ్లుగా ఉన్న వెస్పాలో అదిరి వదులయ్యే అతుకులు తక్కువ. బోల్టుల మీద నిలబడ్డ లాంబ్రెట్టా రేకులు కొంతకాలానికి మోగడం మొదలుపెడతాయి, అప్పుడప్పుడూ అన్నీ బిగిస్తూ ఉండాలి. ఒక జాగ్రత్త: వెస్పా వంశంలో అన్నీ ఒకటి కావు. బజాజ్ 150, ప్రియ, బజాజ్ సూపర్‌లవి 8 అంగుళాల చక్రాలు, చేతక్‌ది 10 అంగుళాలు. గుంతల దారికి చిన్న చక్రం పనికిరాదు. వెస్పా అని నేను అంటున్నప్పుడు ఈ నేల వరకు చేతక్ తరహానే నా మనసులో ఉంది.

దీనికి లాంబ్రెట్టా అభిమానులు చెప్పే జవాబు బలమైనదే: ఇంజన్ నడిమధ్య ఉన్న బండి తిన్నగా నడుస్తుంది, పొడవైన బండి కుదుపులను మింగుతుంది, ఇద్దరు కూర్చున్నా బెదరదు. నిజం. వెస్పాకు బరువంతా కుడివైపు, ముందు బ్రేకు గట్టిగా నొక్కితే ముక్కు దించుతుంది, ఎదురుగాలికి తలాడిస్తుంది. వేగం లెక్కలోనూ లాంబ్రెట్టాదే ఘనత. 1951 ఫిబ్రవరిలో వెస్పా ప్రత్యేక బండి గంటకు 171 కిలోమీటర్ల రికార్డు పెడితే, అదే ఏడాది ఆగస్టులో రోమొలో ఫెర్రి నడిపిన లాంబ్రెట్టా 125 సీసీ ఇంజన్‌తో 201 దాటింది. లాంబోర్గిని మియురా స్పోర్ట్స్ కారు గీతలు గీసిన బెర్టోనే సంస్థే లాంబ్రెట్టా జీపీకి కూడా రూపమిచ్చింది. ఇటలీ స్పోర్ట్స్ కారు మీద మనసుండి స్కూటర్‌తో సరిపెట్టుకునేవాళ్లకు ఇంతకంటే దగ్గరి చుట్టం దొరకదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం, బెంగళూరు మధ్య తిరగడమే ప్రధానమైతే లాంబ్రెట్టా కొనడం తప్పు కాదు. కానీ కుందుర్పి బతుకు హైవే మీద సాగదు. ఊరి నుంచి పొలానికి, పొలం నుంచి మండలానికి, అక్కడి నుంచి కల్యాణదుర్గం సంతకు సాగుతుంది. ముప్పై, నలభై వేగంలో, ఇసుకా గులకా కలిసిన మలుపుల్లో తిన్నదనం ఇచ్చే లాభం తగ్గుతుంది, చక్రం త్వరగా ఊడిరావడం ఇచ్చే లాభం పెరుగుతుంది.

చేతక్ అసలు ఇటలీ బండే కాదనే అభ్యంతరం ఇంకొకటి. ఒప్పందం ముగిశాక పూణేలో చేసింది ఇటలీది ఎలా అవుతుందని అడుగుతారు. ఒళ్లు, ఇంజన్ అమరిక, గేర్లు తిప్పే పద్ధతి అన్నీ స్ప్రింట్‌వే కాబట్టి వంశం ఇటలీదేనని నా అభిప్రాయం. కానీ అచ్చమైన ఇటలీతనమే కావాలంటే ఒక మాట ఒప్పుకోవాలి. మిలన్‌లో లాంబ్రెట్టాలు చేసిన యంత్రాలే సముద్రం దాటి లక్నో చేరాయి. ఆ లెక్కన విజయ్ సూపర్‌లో ఉన్నంత ఇటలీ చేతక్‌లో లేదు. దాచి చూసుకోవడానికి కొనేవాడికి ఇది పెద్ద కారణం, నడపడానికి కొనేవాడికి కాదు.

చట్టం కూడా ఈ తేడానే అడుగుతుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు 20 వేల రూపాయలు. బదులుగా దాన్ని రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే. కాబట్టి నడపాలనుకునేవాళ్లు పాత ఆర్‌సీ బతికి ఉన్న బండినే వెతకాలి, మామూలు పద్ధతిలో రెన్యూవల్ చేయించుకోవాలి. కాగితాలు లేని బండి ఎంత చౌకగా వచ్చినా, ఎంత అందంగా ఉన్నా, అది ఇంట్లో బొమ్మ. ఈ లెక్కలోనూ చేతక్‌దే మొగ్గు. చాలా ఏళ్ల పాటు, చాలా ఎక్కువగా తయారైంది కాబట్టి పది బండ్లు చూసి కాగితాలున్నది ఎంచుకునే వీలుంటుంది. లాంబ్రెట్టా విషయంలో దొరికిన ఒక్కదానితోనే రాజీ పడాలి. పెట్రోలు సంగతి మాత్రం రెండింటికీ సమానం. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు పైపులను అది మెత్తబరుస్తుంది. పైపులు, కార్బురేటర్ వాషర్లు మార్చి, నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలి. ఆయిల్ కూడా బండిని బట్టి కలపాలి. చేతక్‌కు లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలు, పాత ఎల్ఐ లాంబ్రెట్టాకు దానికి రెండింతలు. ఒకదాని కొలత ఇంకొకదానికి వేస్తే ఒకచోట పొగ, ఇంకోచోట పిస్టన్ పట్టివేత.

ఇంత వాదించాక కూడా నా తూకానికి లొంగని బండి ఒకటుంది. అది ఆల్విన్ పుష్పక్. దాన్ని చేతక్‌తో పోల్చి తక్కువ చేయడం నాకు చేతకాదు. మన రాష్ట్రం పేరు పెట్టుకున్న సంస్థలో, మన కార్మికుల చేతుల మీదుగా బయటికొచ్చిన ఇటలీ వంశపు స్కూటర్ అది. ఇప్పుడు అరుదుగా కనిపిస్తుంది. కనిపించినదాన్ని తరచుగా విజయ్ సూపర్‌కు స్పేర్ల కోసం విప్పేస్తున్నారు. ఏ వేపచెట్టు కిందో మూతలు ఊడి నిలబడ్డ పుష్పక్ ఎదురైతే, రోజూ నడపడానికి చేతక్ కొనుక్కోవచ్చు గానీ, దీన్ని మాత్రం ముక్కలుగా అమ్మనివ్వకూడదు. ముందు పేరు పలక ఉందో లేదో చూడాలి, ఇంజన్ నంబరు మీది మట్టి తుడిచి ఆర్‌సీతో సరిపోల్చాలి, ఎండ తగలని చోటికి చేర్చాలి. ఇంజన్ ఎప్పుడైనా విప్పించుకోవచ్చు.